పాత పరిచయం – పండుగ ప్రయాణం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దసరా సెలవులు వస్తున్నాయంటే రాయచూరు బస్టాండులోనూ, రైల్వే స్టేషనులోనూ పిల్లల సందడి మొదలవుతుంది. ఒకరు హైదరాబాదుకు, ఒకరు బెంగుళూరుకు, మరొకరు మైసూరుకు ప్రయాణం కడతారు. వెళ్ళిన చోట మేనమామ ఉంటాడు, లేదా నాన్నగారి పాత స్నేహితుడెవరో ఉంటారు. ఆయన వెంట తిప్పి ఊరంతా చూపుతారు. సెలవులు ముగిసి బడి తెరిచిన తరువాత, ‘సెలవులలో చూసిన నగరం’ అనే వ్యాసం వ్రాయమంటే మాత్రం అధికభాగం కాగితాలలో నాలుగు వాక్యాలే కనిపిస్తాయి: వెళ్ళాము, చూశాము, తిన్నాము, వచ్చాము. అంత పెద్ద నగరం ఆ నాలుగు ముక్కలలో ఎలా ఇమిడిందో వ్రాసినవారికే తెలియాలి.

అందుచేత ఈ శుభసందర్భంలో, దసరా పండుగ రోజులలో ఒక మహానగరాన్ని చూడబోయిన ఇద్దరి ప్రయాణాన్ని గురించి చెప్పుకోవడం ఉచితంగా ఉంటుంది. ఆ ప్రయాణం జరిగి ఐదువందల యేండ్లు దాటింది. వారు తెలుగువారు కారు, కన్నడిగులు కారు; పోర్చుగీసు దేశీయులు. ఒకరి పేరు క్రిస్టోవావ్ డి ఫిగరెడో, రెండవవాని పేరు డొమింగో పేయస్. వారు చూసిన నగరం విజయనగరం. అయితే ఆ ప్రయాణానికి మూలమైన పరిచయం బలపడినది మాత్రం మన రాయచూరు కోటగోడల క్రిందనే.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేది పంటకు పేరుపొందినది. అందుచేతనే పోరుకు కూడా పేరుపొందింది. కాకతీయుల కాలంలో, 1294లో కట్టిన ఇక్కడి కోట తరువాత బహమనీలకు, విజయనగర రాజులకు, బీజాపూరు ఆదిల్‌షాహీలకు నడుమ పలుమార్లు చేతులు మారింది. శ్రీకృష్ణదేవరాయలు 1509లో సింహాసనమెక్కేనాటికి రాయచూరు బీజాపూరు వారి వశంలో ఉన్నది.

ఆ కాలపు యుద్ధాలలో గుర్రమే ప్రాణం. మేలుజాతి గుర్రాలు అరేబియా, పారశీక దేశాల నుండి ఓడలమీద రావాలి. 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారి చేతిలోకి ఆ వ్యాపారం చాలావరకు పోయింది. రాయలు గుర్రాలు కొనుక్కురమ్మని నలభై వేల వరహాలిచ్చి ఒక ముస్లిం వర్తకుని గోవాకు పంపగా, అతడు ఆ ధనంతో ఆదిల్‌షాహీ రాజ్యంలోకి పారిపోయాడనీ, అతనిని అప్పగించమని అడిగితే బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా అప్పగించలేదనీ, యుద్ధానికి అదే సాకు అయిందనీ న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు వ్రాశాడు. ఇతడు ఆ యుద్ధం జరిగిన పదిహేను సంవత్సరాలకు విజయనగరంలో ఉన్నవాడు. అక్కడివారిని అడిగి తెలుసుకొని తన చరిత్రను వ్రాసుకొన్నాడు.

రాయలు రాయచూరును ముట్టడించాడు. ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చాడు. పరిశోధకుడు రాబర్ట్ సీవెల్ నిర్ణయించిన తేదీని బట్టి 1520 మే 19న యుద్ధం జరిగింది. మొదట సుల్తాను ఫిరంగుల ధాటికి విజయనగర సేన చెదిరింది. రాయలు స్వయంగా గుర్రమెక్కి ముందుకు దూకిన తరువాత గాని సేన నిలదొక్కుకోలేదు. చివరకు సుల్తాను ఏనుగు మీద నది దాటి తప్పించుకొన్నాడు. నదిలో పడి మునిగినవారు ఎందరో. గెలిచిన పక్షంలోనే 16,000 మందికి పైగా మరణించారని న్యూనిజ్ లెక్క. విజయమన్న మాటను పాఠ్యపుస్తకంలో చదివినప్పుడల్లా ఆ సంఖ్యను కూడా పక్కన వ్రాసుకోవడం మంచిది.

సుల్తాను ఓడినా రాయచూరు కోట ఇంకా లొంగలేదు. ఆ సమయంలో గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చినవాడు ఫిగరెడో. అతని వెంట తుపాకులు పట్టిన ఇరవైమంది పోర్చుగీసువారు ఉన్నారు. కోటను దగ్గరగా చూసివస్తానని రాయల అనుమతి అడిగాడు. అప్పటివరకు కోటపైనున్నవారు పెద్దగా జంకులేకుండా గోడమీద తిరిగేవారు. అతని మనుషులు గురిచూసి కాల్చడం మొదలుపెట్టేసరికి గోడమీద తలయెత్తడం కష్టమైపోయింది. ఆ సందులో రాయల భటులు గడ్డపారలతో గోడరాళ్ళు పెకలించసాగారు. అంతకుముందే సేనానాయకులు ఒక పద్ధతి పెట్టారు: ఎవరు రాయి ఊడబెరికి తెస్తే, ఆ రాయి పరిమాణాన్ని బట్టి వారికి ఇన్ని పణాలు. ప్రాణాన్ని పణంగా పెట్టడమన్న మాట ఆ భటుల విషయంలో అక్షరాలా నిజమైంది. కోట అధిపతి ఒకనాడు గోడసందులోనుండి తొంగిచూడగా గుండు వచ్చి నుదుట తగిలింది. అతడు నేలకొరిగాడు. మరునాడు ఊరు లొంగిపోయింది.

ఊరిలోనికి వచ్చిన రాయలు పౌరులను భయపడవద్దనీ, వారి ఆస్తులు వారివేననీ, వెళ్ళిపోదలచినవారు తమ సొత్తుతో సహా వెళ్ళవచ్చుననీ అభయమిచ్చాడని న్యూనిజ్ వ్రాశాడు. మన పట్టణ చరిత్రలో గుర్తుంచుకోదగిన ఘట్టాలలో ఇదొకటి.

ఇక ప్రయాణం సంగతి. సీవెల్ లెక్కను బట్టి అదే సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, మహానవమి ఉత్సవాల కాలంలో ఫిగరెడో విజయనగరానికి వెళ్ళాడు. యుద్ధభూమిలోని పరిచయానికి ఇది పండుగ కొనసాగింపు. ఈసారి అతని బృందంలో డొమింగో పేయస్ ఉన్నాడు. ఫిగరెడో నగరం తెలిసినవాడు, రాజు ఎరిగినవాడు. పేయస్ చేతిలో ఉన్నది కలం. ప్రయాణంలో ఇటువంటి జోడీ కుదరడం అదృష్టం. దారి తెలిసినవాడు లేకపోతే తలుపులు తెరుచుకోవు. వ్రాసేవాడు లేకపోతే తెరుచుకొన్న తలుపుల వెనుక ఏమున్నదో లోకానికి తెలియదు.

రాయలు అప్పుడు తాను కొత్తగా కట్టించిన నాగలాపురంలో, అంటే నేటి విజయనగర జిల్లా కేంద్రమైన హోసపేటలో ఉన్నాడు. అతిథుల విడిదికి గొర్రెలు, కోళ్ళు, నేతికుండలు, తేనెకుండలు పంపించాడు. తరువాత దర్శనమిచ్చాడు. తెల్లని వస్త్రాలపై బంగారు పూలు, మెడలో వజ్రాల హారం, కాళ్ళకు మాత్రం చెప్పులు లేవు. ఫిగరెడో తెచ్చిన కానుకలలో సంగీతవాద్యాన్ని చూసి రాయలు ముచ్చటపడ్డాడు. అతనికి జరీ అంగీని, కుళ్ళాయిని ఇచ్చి, వెంట వచ్చిన ఒక్కొక్కరికి ఒక్కొక్క వస్త్రం బహూకరించాడు. పేయస్ ఈ సన్మానానికి పొంగిపోయి రాజును మన్మథునిగా వర్ణించలేదు. మధ్యస్థమైన ఎత్తు, పచ్చని మేనిచాయ, కొంచెం స్థూలకాయం, ముఖాన మశూచి మచ్చలు, ప్రసన్నమైన స్వభావం అని వ్రాశాడు. శ్రీకృష్ణదేవరాయల ముఖాన మశూచి మచ్చలున్నాయని మనకు తెలిసినది ఈ పరదేశి పుణ్యమే. తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒళ్ళంతా నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి తిప్పి, మల్లునితో కుస్తీపట్టి, గుర్రం మీద స్వారీ చేసేవాడని కూడా అతడే చెప్పాడు. ‘ఆముక్తమాల్యద’ వ్రాసిన కవి దినచర్య అది. పుస్తకానికీ వ్యాయామానికీ పొసగదని తలచే బాలురు ఈ మాట గమనించాలి.

నగరాన్ని గురించి పేయస్ ఎంత మెలకువతో వ్రాశాడో చూడండి. ఒక కొండ ఎక్కి చూశాడు. ఊరు అనేకమైన గుట్టల నడుమ పరుచుకొని ఉండడం వల్ల అంతా కనిపించలేదు. కనిపించినంతవరకే రోము నగరమంత తోచింది. ఆ మాట వ్రాసి, జనసంఖ్య దగ్గర ఆగిపోయాడు. తాను చెబితే కట్టుకథ అనుకొంటారన్న జంకుతో సంఖ్య వేయలేదు. ప్రపంచంలో సరుకులకు కొరతలేని నగరాలలో దీనిని మించినది లేదని మాత్రం నిస్సంకోచంగా అన్నాడు. వరి, గోధుమ, జొన్న, పెసలు, ఉలవలు ఇలా గింజ గింజ పేరూ తెలుసుకొన్నాడు. ఆనెగొందికి జనాన్ని దాటించే పుట్టిని కూడా వదలలేదు. బుట్టలాగా అల్లి తోలు కప్పిన ఆ గుండ్రని అరిగోలులో పదిహేను, ఇరవై మంది పడతారనీ, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తారనీ, తెడ్డు వేస్తుంటే అది గిరగిర తిరుగుతూ పోతుందనీ వ్రాశాడు. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడేవరకు ఆనెగొంది మన రాయచూరు జిల్లాలోని ఊరే. ఆ పుట్టిని మన తాతముత్తాతలందరూ ఎరుగుదురు. ఎరిగినదానిని వ్రాసిపెట్టాలని మాత్రం మనకు తోచలేదు. కొత్తవానికి తోచింది.

పండుగ తొమ్మిది రోజులు సాగింది. ఒరిస్సా దండయాత్రనుండి తిరిగివచ్చి రాయలు కట్టించినదని పేయస్ చెప్పిన విజయగృహం దగ్గర ఉత్సవాలు జరిగాయి. నేడు హంపీలో మహానవమి దిబ్బగా మనం చూస్తున్న వేదిక ఆ వైభవానికి మిగిలిన సాక్షి. ఉదయం పూజలు, అలంకరించిన గుర్రాలు, ఏనుగులు, జంతుబలులు. మధ్యాహ్నం మల్లయుద్ధాలు, నాట్యాలు. రాత్రి దివిటీలు, బాణసంచా, వేషాలు, ఊరేగింపులు. అంతఃపుర స్త్రీలు మోయలేనన్ని నగలు ధరించి, పక్కవారి ఆసరాతో నడిచారట. చివర జరిగిన సేనావలోకనంలో ఆ దళాలను, ఆ రంగులను, ఆ ధ్వనులను చూసి, ఇది నిజమా, కలగంటున్నానా అన్న భ్రమ కలిగిందని పేయస్ ఒప్పుకొన్నాడు. ఆ సేనలో కొద్ది నెలల క్రితం రాయచూరు గోడరాళ్ళు పెరికినవారు, కృష్ణ ఒడ్డున తోటివారిని పోగొట్టుకొన్నవారు ఎందరు ఉండి ఉంటారో ఊహించవచ్చు.

ఉత్సవానంతరం ఫిగరెడో తన పరిచయాన్ని ఉపయోగించి రాజమందిరాన్ని చూపించవలసిందిగా కోరాడు. రాయలు అనుమతించాడు. గుమ్మం దగ్గర వచ్చినవారిని ఒక్కొక్కరినే లెక్కపెట్టి లోనికి పంపారు. పైనుండి క్రిందివరకు దంతంతో చేసి, గులాబీలు, తామరలు చెక్కిన గది ఒకటి చూశారు. మరొకచోట వివిధ జాతుల జనుల జీవనవిధానం చిత్రించి ఉన్నది. అందులో పోర్చుగీసువారు కూడా ఉన్నారు. తమ బొమ్మలను పరదేశంలో, రాజుగారి గోడమీద చూసుకొన్నప్పుడు ఆ యాత్రికులకు ఎలా ఉన్నదో!

ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారికి అన్నింటికంటె ఆసక్తి కలిగించేది నాట్యశాల. దాని స్తంభాల నడుమ పలకలు పలకలుగా శిల్పాలున్నాయి. ఒక్కొక్క పలకపై ఒక్కొక్క నాట్యం ముగిసేటప్పుడు నిలబడవలసిన భంగిమలో ఒక నర్తకి. నేర్చుకొనే బాలిక చివరి భంగిమను మరచిపోతే, తల తిప్పి ఆ పలకను చూసి గుర్తు తెచ్చుకొనేదట. దండన లేదు, చీవాట్లు లేవు. మరపు మానవసహజమని గురువు ముందే గ్రహించి, గోడనే గురువుగా నిలబెట్టాడు. మన తరగతి గదులలో గోడలకు వ్రేలాడే గుణింతాల పట్టికకు, ఎక్కాల పట్టికకు ఆ నాట్యశాల పలకలు పెద్దక్కలు.

అయితే పేయస్ చూసినదంతా వైభవమే కాదు. రాయలు హోసపేట సమీపంలో ఒక పెద్ద చెరువు కట్టిస్తున్నాడు. పదిహేను, ఇరవై వేల మంది ఆ పనిలో ఉన్నారు. నేల కనబడకుండా చీమలవలె కదులుతున్నారు. ఒక పోర్చుగీసు శిల్పి కూడా సాయపడ్డాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిపోగా, దేవతకు నరబలి కావాలన్నారనీ, అరవైమందిని అక్కడ వధించారనీ పేయస్ వ్రాశాడు. ఈ మాట మనకు రుచించదు. మనం అభిమానించే రాజు కాలంలో ఇలా జరిగిందని చదవడం బాధాకరమే. కాని పండుగ చూపించిన కలమే దీనినీ చూపించింది. ఒకదానిని నమ్మి రెండవదానిని దాచిపెట్టడం చరిత్ర చదివే పద్ధతి కాదు. అంతఃపురంలో తమను పోనివ్వని చోట్లు ఉన్నాయని కూడా అతడు దాచలేదు. చూసినది చూసినట్లు, విన్నది విన్నట్లు, చూడనిది చూడలేదన్నట్లు వ్రాయడం అతని గొప్పతనం.

తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. 1529లో రాయలు మరణించాడు. ఆ మరుసటి సంవత్సరమే ఇస్మాయిల్ ఆదిల్‌షా రాయచూరును, ముద్గల్లును తిరిగి తీసుకొన్నాడు. అంతమంది ప్రాణాలిచ్చి గెలుచుకొన్న కోట నిలిచినది పదేళ్ళు. 1565 జనవరిలో రక్కసతంగడి యుద్ధంలో విజయనగర సేన ఓడింది. నెలల తరబడి నగరం దోపిడికి, మంటలకు ఆహుతి అయింది. పేయస్ కలవలె చూసిన ఊరు నలభై ఐదేళ్ళకు నిజంగానే కలగా మిగిలిపోయింది. దంతపు గది లేదు. చిత్రాల గోడ లేదు. ఆ నాట్యశాలలో చివరి భంగిమ నేర్చుకొన్న బాలికల పేర్లు ఒక్కటీ లేవు.

మిగిలినది ఆ కాగితాలు. అవి కూడా చాలాకాలం మరుగున పడ్డాయి. పారిస్ గ్రంథాలయంలోని ఆ వ్రాతప్రతిని డేవిడ్ లోపెస్ అనే పండితుడు 1897లో లిస్బనులో ప్రకటించాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సీవెల్ దానిని ఆంగ్లంలోకి అనువదించి, 1900లో తాను ప్రకటించిన విజయనగర చరిత్రలో చేర్చాడు. అంటే మన రాయచూరు యుద్ధం, మన ఆనెగొంది పుట్టి, మన రాయల దినచర్య దాదాపు 380 సంవత్సరాల తరువాత సముద్రాలు దాటి మన దగ్గరకు తిరిగివచ్చాయి. గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఇటువంటి యాత్రికుల రచనలను కావ్యాల పక్కన పెట్టి పరిశీలించి, పూర్వుల తిండి, బట్ట, ఆట, పాట ఎటువంటివో తెలుగువారికి చూపించారు. 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే లభించింది.

విద్యార్థులారా! ఈ కథలోనుండి గ్రహించవలసినవి రెండు మూడు సంగతులున్నాయి. సెలవులలో నగరం చూడబోయేటప్పుడు ఆ ఊరు తెలిసిన పెద్దవారి వెంట వెళ్ళండి. వారిని ప్రశ్నలు అడగండి. జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు ఉంచుకోండి. నేడు చేతిఫోనులో వంద ఫొటోలు తీయడం క్షణంలో పని. కాని పుట్టిలో ఎందరు పడతారో, కట్ట మీద ఎందరు మట్టి మోస్తున్నారో, ఆ రాయి తెచ్చినవానికి కూలి ఎంతో ఫొటో చెప్పదు. అడిగి తెలుసుకొని వ్రాసిన వాక్యమే చెబుతుంది. తెలియని సంఖ్యను ఊహించి వేయవద్దు. కొండమీద నిలబడిన పేయస్ వలె ఆగిపోవడం నేర్చుకోండి.

వీలైతే ఈ దసరాకు హంపీకే వెళ్ళండి. మాన్వి, సింధనూరు, గంగావతి మీదుగా వెళ్ళితే ఆనెగొంది దారిలోనే ఉన్నది. మహానవమి దిబ్బ ఎక్కి నిలబడినప్పుడు రాయలను మాత్రమే తలచుకోవద్దు. రాయచూరు గోడ క్రింద గడ్డపార పట్టినవానిని, చెరువుకట్ట మీద మట్టితట్ట ఎత్తినవానిని, పలకవైపు తల తిప్పి చూసిన ఆ బాలికను కూడా తలచుకోండి. అక్కడి దారిసూచికలు కన్నడంలో ఉంటాయి, మీరు మాట్లాడుకొనేది తెలుగు. రెండు భాషలనూ ఆదరించిన రాజు ఊరిలో ఆ రెంటిలోనూ మీకు ప్రవేశం ఉండడం ఈ జిల్లా మీకిచ్చిన ఆస్తి. దానిని జారవిడుచుకోకండి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. డెబ్బై ఐదేళ్ళంటే పేయస్ చూసిన నగరం కూలిపోవడానికి పట్టిన కాలం కంటె ముప్పై ఏళ్ళు ఎక్కువ. ఈ బడిలో చదివినవారు, చదువు చెప్పినవారు, గంట కొట్టినవారు, బావినుండి నీరు తోడి కుండలు నింపినవారు ఎందరో ఉన్నారు. హాజరుపట్టీలో పేరు మిగులుతుంది గాని మనిషి మిగలడు. ఈనాడు మీ పక్కన కూర్చున్న పాత మిత్రునితో కలిసి, సభ ముగిసిన తరువాత ఒకసారి ఆ పాత తరగతి గదులలో తిరిగి రండి. ఒకరు గుర్తుచేయండి, ఒకరు వ్రాయండి. ఫిగరెడో లేనిదే పేయస్ లోపలికి వెళ్ళలేకపోయేవాడు. పేయస్ లేనిదే ఫిగరెడో చూసినదేమిటో మనకు తెలిసేది కాదు.

అలా వ్రాసిన నాలుగు పుటలు ఎవరి కంట పడతాయో, ఎన్నేళ్ళకు పడతాయో ఈనాడు చెప్పలేము. పడిననాడు మాత్రం, ఈ ఊరిలో ఒక తెలుగు బడి ఉండేదనీ, అందులో పిల్లలు ఇలా చదివేవారనీ, ఇలా ఆడేవారనీ, ఇలా మరచిపోయి ఇలా గుర్తు తెచ్చుకొనేవారనీ ఆ చదువరికి తెలుస్తుంది.